కొత్త బర్గర్‌లో కొత్తది ఏది?

ఉగ్గాణి బండి దగ్గర కొత్త ఐటెం పుట్టడానికి ఒక్క రాత్రి చాలు. బండాయన ఇంట్లో మిగిలిన పప్పుల పొడి చూసి, రేపు బజ్జీ మిరపకాయలో ఇది కూరి చూద్దాం అనుకుంటాడు. పొద్దున్నే అమ్ముతాడు. తొమ్మిది గంటలకల్లా తీర్పు వచ్చేస్తుంది. "బాగుంది న్నా, ఇంకో రెండెయ్యి" అన్నారంటే రేపట్నుంచి అది ఉన్నట్టే. తిన్నవాళ్లు మొహం చిట్లించారంటే అంతటితో సరి.

అదే కర్నూలులో అద్దాల తలుపు వెనక, ఏసీలో అమ్మే కొత్త బర్గర్ కథ వేరు. బయట నిలువెత్తు బొమ్మ, 'కొత్తగా వచ్చింది' అని పెద్ద అక్షరాలు. లోపల పనిచేసే కుర్రాళ్లకు దాని రుచి మీద ఏ అధికారమూ లేదు. మేనేజర్‌కూ లేదు. ఒకే బోర్డుతో ఊరూరా నడిచే ఇలాంటి చెయిన్లలో చాలావాటి పేర్లు అమెరికావి, నడిపేది మాత్రం ఇక్కడి కంపెనీలు. దక్షిణ, పశ్చిమ రాష్ట్రాల్లో మెక్‌డొనాల్డ్స్‌ను వెస్ట్‌లైఫ్ నడుపుతుంది, డోమినోస్‌ను జూబిలెంట్ నడుపుతుంది. రుచి, బరువు, ధర అన్నీ అలాంటి ఆఫీసుల్లోనే తేలతాయి. అక్కడ అందరి ముందూ ఉండే షరతు ఒక్కటే: ముంబైలో తిన్నా, కర్నూలులో తిన్నా తేడా తెలియకూడదు, రెండు చోట్లా అన్నే నిమిషాల్లో చేతికి రావాలి. మిగతా చిక్కులన్నీ ఈ షరతు వెంటే వస్తాయి.

మొదటి చిక్కు వంటింటిది. ఆ వంటింట్లో నిజానికి వంట తక్కువ, వేడి చేయడం ఎక్కువ. బర్గర్లు అమ్మే పెద్ద చెయిన్లలో ప్యాటీ, అంటే బన్ను మధ్యలో ఉండే ఆ బిళ్ల, ఎక్కడో ఫ్యాక్టరీలో తయారవుతుంది. పిండి పూత పూసి, సగం వేయించి, గడ్డ కట్టించి, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచి లారీలో పంపుతారు. దాన్ని నూనెలో దించి, టైమర్ మోగగానే తీయడమే ఔట్‌లెట్‌లో జరిగే పని. సాస్ కూడా ప్యాకెట్లలోనే వస్తుంది, ఒక్కో బర్గర్‌కు ఇంత అని కొలత ఉంటుంది. ఉప్పు చాలిందో లేదో నాలుక మీద వేసుకుని చూసేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు. చూసినా చేయగలిగింది లేదు.

ఇలాంటి చోట కొత్త ఐటెం పెట్టాలంటే కొత్త పొయ్యి కొనకూడదు, కుర్రాళ్లకు కొత్త పని నేర్పించాల్సి రాకూడదు, ఫ్రీజర్‌లో కొత్త సరుకుకు చోటు వెతకాల్సి రాకూడదు. ఇవన్నీ తీసేస్తే మార్చడానికి ఏం మిగులుతుంది? సాస్ మిగులుతుంది. పైన చల్లే మసాలా పొడి మిగులుతుంది. మహా అయితే ఒక చీజ్ ముక్క, నాలుగు వేయించిన ఉల్లిపాయ తునకలు. అందుకే చాలా 'కొత్త' బర్గర్లలో బన్ను పాతదే, బిళ్ల పాతదే. పేరు, సాస్, పెట్టె మీద బొమ్మ కొత్తవి. ఇది మోసం అనను నేను. కట్టుదిట్టంగా నడిచే వ్యాపారంలో పొదుపు అలాగే ఉంటుంది. కాకపోతే డబ్బులిచ్చేవాడికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

మొన్న మా అక్క కొడుకు పట్టుబట్టి తీసుకెళితే అలాంటి కొత్త సరుకొకటి తిన్నాను. తినేముందు పై బన్ను ఎత్తి చూశాను. వాడికి సిగ్గేసింది. "మామా, అందరూ చూస్తున్నారు, మూసెయ్" అన్నాడు. లోపల నారింజ, ఎరుపు కలిసిన రంగులో నిగనిగలాడే సాస్, రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్ద మరకలా నడిమధ్యలో పడి ఉంది. అంచుల దాకా రాలేదు. దాని కింద తెల్లటి మయోనైజ్ పొర. సన్నగా తరిగిన లెట్యూస్, రెండు ఉల్లిపాయ చక్రాలు. బిళ్ల అంచు కొరికితే కరకరలాడింది, లోపల మెత్తగా, ఎక్కడ కొరికినా ఒకేలా ఉంది. బయట బొమ్మలో మాత్రం సాస్ అంచుల మీంచి కారుతూ ఉంటుంది. ఫొటో కోసం సరుకంతా కెమెరా వైపుకు జరిపి పెడతారు మరి. అక్కడ కూర్చోబెట్టినంత తీరిగ్గా కౌంటర్‌లో ఎవరు కూర్చోబెడతారు?

రెండు ముద్దలు తిన్నాక వాడే అన్నాడు: "ఏంది మామా ఇది, ఎర్రగా ఉందే గానీ కారమే లేదు." పోస్టర్ మీద మంటలు గీసి ఉన్నాయి.

ఎర్రగా ఉండి కారం లేకపోవడం ఎలా?

వాడి ప్రశ్నలో పాయింట్ ఉంది, ఎందుకంటే మిరపలో రంగు వేరు, మంట వేరు. రెంటినీ ఇచ్చే పదార్థాలు వేరు వేరు. మంటకు కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. రంగు క్యారొటినాయిడ్లు అనే వేరే పదార్థాలది. కర్ణాటకలోని బ్యాడిగి పేరుతో పిలిచే ముడతల మిరప ముదురు ఎరుపు రంగు ఇస్తుంది, మంట తక్కువ. గుంటూరు సన్నం రకానికి మంట ఎక్కువ. బ్యాడిగి రకం మన కర్నూలు జిల్లా రైతులకు కొత్తేమీ కాదు, ఇక్కడ పండించి బ్యాడిగి మార్కెట్‌కు లారీల్లో తోలుకెళతారు. మన ఇళ్లలో కారం పట్టించేటప్పుడు కూడా రంగుకు కొన్ని కాయలు, మంటకు కొన్ని కాయలు కలిపి మర ఆడిస్తాం కదా. ఫ్యాక్టరీ వాళ్లు అదే పని కాయతో కాకుండా సారంతో చేస్తారు. మిరప నుంచి రంగు సారం విడిగా, మంట సారం విడిగా తీసి అమ్ముతారు. ఓలియోరెసిన్ అంటారు దాన్ని. కేరళలో కొచ్చి చుట్టుపక్కల ఈ పరిశ్రమ పెద్దది. రెండూ విడివిడిగా దొరికినప్పుడు ఎరుపు ఎంత కావాలో, మంట ఎంత కావాలో చుక్కలు లెక్కేసి వేసుకోవచ్చు. కాబట్టి బొమ్మలో ఎంత ఎర్రగా కనిపించినా, ఆ ఎరుపు మంట గురించి ఏమీ చెప్పదు.

ఇక మంట సంగతి. క్యాప్సైసిన్ రుచి కాదు, నాలుకకు అదొక నొప్పి కబురు. నాలుక మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే మెదడుకు 'కాలుతోంది' అని చెప్పడం దాని పని. క్యాప్సైసిన్ దానికే అంటుకుని అదే కబురు పంపిస్తుంది. అందుకే కారం తింటే చెమట పడుతుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఇప్పుడు ఆ బర్గర్ లోపలికి మళ్లీ చూడండి. మయోనైజ్‌లో నూనె చాలా ఉంటుంది. చీజ్ కొవ్వు. బిళ్ల నూనెలో వేగింది. సాస్‌లో ఉన్న కాస్త మంటనూ ఇవి తమలోకి లాక్కుని, నాలుకకు తగలనిచ్చేది తగ్గించేస్తాయి.

మిగిలిన మంటను చక్కెర చూసుకుంటుంది. ఇందులో ఒక తమాషా ఉంది. మిరప ఘాటును కొలవడానికి విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు 1912లో ఒక పద్ధతి పెట్టాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ పోవాలి, రుచి చూసేవాళ్లకు మంట తెలియకుండా పోయేదాకా. ఎన్నింతలు పలచన చేయాల్సి వచ్చిందో అదే దాని ఘాటు అంకె. ఇప్పుడు యంత్రాలతో కొలుస్తున్నారు గానీ, అంకెకు ఆయన పేరే నిలిచింది. తియ్యటి సాస్‌లో మిరప కలిపితే జరిగేదీ ఇంచుమించు అలాంటిదే. తీపి ముందు తగులుతుంది, పులుపు వెంటనే వస్తుంది, మంట వచ్చేసరికి ముద్ద గొంతు దాటి ఉంటుంది.

మరి అంత తీపి ఎందుకు వేస్తారు? మంట తగ్గించడానికి మాత్రమే కాదు. చక్కెర, ఉప్పు, వెనిగర్ మూడూ సాస్ పాడవకుండా కాపాడేవే. నెలల తరబడి ప్యాకెట్‌లో ఉండాలంటే ఆ మూడూ గట్టిగా పడాలి. దానికి తోడు చిక్కదనం కోసం జాంథాన్ గమ్, లేబుల్ మీద ఐఎన్ఎస్ 415 అని ఉంటుంది (ఇలా కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు అది). పులుపుకు సిట్రిక్ యాసిడ్, అది 330. ఇవేవీ విషాలు కావు, నియమాలు అనుమతించినవే. కానీ కడపలో కారం దోశ మీద పూసే ఎర్రకారాన్ని తల్చుకోండి. ఎండుమిరపకాయలు నానబెట్టి, పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు వేసి నూరింది. పూట గడిస్తే వాసన మారిపోతుంది. దాని మజా అంతా ఆ తాజాదనంలోనే ఉంది. నెలలు నిలవ ఉండేలా చేయబోతే అది ఎర్రకారం కాకుండా పోతుంది. రాయలసీమ రుచి బర్గర్ ఎందుకు రాదని అడిగేవాళ్లకు ఇదొక జవాబు. రెండో జవాబు ఇంకా సూటిగా ఉంటుంది: మనకు చాలే కారం వేస్తే ఇండోర్‌లోనో, కోల్‌కతాలోనో తినేవాడు సగంలో వదిలేస్తాడు. అందరూ తినగలిగే చోటికి మంటను దించుతారు, మనం ఆ గీతకు పైనున్నాం.

ఒక్క మాట. మంటపుడితే కూల్‌డ్రింక్ తాగడం దండగ. గ్యాసు నాలుకను ఇంకా చురుక్కుమనిపిస్తుంది. మజ్జిగో పాలో నయం, వాటిలోని కేసీన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని కడిగేస్తుంది. బర్గర్, ఫ్రైస్, డ్రింక్ కలిపి ఒకే ధరకు ఇచ్చే కాంబోలో మజ్జిగ పెట్టే చెయిన్ నాకైతే కనబడలేదు.

జంటగా ఎందుకు దిగుతాయి

కొత్త సాస్ ఎప్పుడూ ఒంటరిగా రాదని గమనించారా? చికెన్‌తో ఒకటి, పనీర్‌తోనో ఆలూతోనో ఇంకొకటి, ఒకే పేరుతో దిగుతాయి. సాస్ తయారీ ఖర్చు, పోస్టర్ల ఖర్చు రెండింటి మీద పంచుకోవచ్చు. మన దేశంలో వెజ్ లేకుండా మెనూ నడవదన్నది ఈ చెయిన్లకు మొదటి రోజే తెలిసిన పాఠం. మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో తెరిచినప్పుడే గొడ్డుమాంసం పక్కన పెట్టి వచ్చింది, ఆ తర్వాత ఆలూ టిక్కీ బర్గర్‌తో నిలదొక్కుకుంది. ఇక్కడ శనివారాలు, కార్తీకమాసం, శ్రావణ శుక్రవారాలు లెక్కేస్తే ఏడాదిలో మాంసం ముట్టని రోజులు ఎన్ని ఇళ్లలో ఎన్ని ఉంటాయో చెప్పనక్కర్లేదు. నన్నడిగితే, సాస్ ఎలాగూ ఒకటే కాబట్టి పనీర్ కంటే ఆలూ మేలు. పనీర్ మందంగా ఉండి సాస్‌ను అస్సలు పీల్చుకోదు.

'కొద్ది రోజులు మాత్రమే' అన్న మాట కూడా ఇక్కడే తగులుతుంది. మనల్ని తొందరపెట్టడానికే అది అనుకుంటాం, అందులో నిజం లేకపోలేదు. కానీ లోపలి లెక్క ఇంకొకటి ఉంది. సాస్‌ను ఇంత అని ముందే ఆర్డర్ పెట్టి చేయిస్తారు. అమ్ముడుపోకపోతే నష్టం అంతవరకే. అమ్ముడైతే ఇంకో విడత. ఏడాది పొడుగునా ఇస్తామని మాట ఇచ్చి ఇరుక్కోవడం కంటే ఇదే తెలివైన పని.

మాట ఇచ్చినా నిలబెట్టుకోలేని రోజులు ఉంటాయి మరి. 2023 జులైలో టమాటా ధర చుక్కలనంటినప్పుడు ఉత్తర, తూర్పు భారతంలోని చాలా మెక్‌డొనాల్డ్స్ ఔట్‌లెట్లలో బర్గర్లలోంచి టమాటా తీసేశారు. నాణ్యమైన కాయ సరిపడా దొరకట్లేదని నోటీసులు అంటించారు. మన పత్తికొండ మార్కెట్‌లో ధర పడిపోయి, కూలి ఖర్చు కూడా రాక రైతులు టమాటాను రోడ్డు పక్కన పారబోసి వెళ్లడం మనం ఎన్నిసార్లు చూడలేదు? అదే పంట, వేరే నెలల్లో. చెయిన్‌కు కావలసింది ఒకే సైజు, ఒకే గట్టిదనం ఉన్న కాయ, ఏడాది పొడుగునా, ఒప్పందం ప్రకారం. పత్తికొండ రైతుకు ఏ వారం ఏ ధర వస్తుందో ఆ వారందాకా తెలియదు. ఇద్దరి మధ్య కోల్డ్ స్టోరేజీలు, కాయను సైజు ప్రకారం ఏరే గ్రేడింగ్ షెడ్లు ఉంటే తప్ప ఆ కాయ ఈ బన్నులోకి రాదు.

బిల్లు దగ్గర

ధరల విషయానికొస్తే, ఉదాహరణకు ఒక లెక్క వేసుకుందాం. బర్గర్ 169 రూపాయలు, ఫ్రైస్ 109, డ్రింక్ 79. విడిగా కొంటే 357. కాంబో 279 అంటారు. 78 రూపాయలు మిగిలాయని సంతోషపడతాం. కానీ మనం వచ్చింది 169 రూపాయల కొత్త బర్గర్ రుచి చూడ్డానికి. 110 రూపాయలు అదనంగా ఖర్చు పెట్టి 78 మిగిల్చామన్నమాట. ఫ్రైస్‌లో ఉండేది బంగాళాదుంప, డ్రింక్‌లో ఉండేది చాలావరకు నీళ్లు, ఐసు. చెయిన్‌కు ఎక్కువ మిగిలేది ఆ రెండింటి మీదే. కొత్త ఐటెం పోస్టర్‌లో పక్కన ఫ్రైస్, గ్లాసు లేకుండా ఎప్పుడైనా చూశారా? రుచి చూడ్డానికే వెళితే బర్గర్ ఒక్కటే అడగండి. "కాంబో చేయమంటారా సార్?" అని కౌంటర్ కుర్రాడు అడగడం వాడి డ్యూటీ. వద్దనడానికి మొహమాటం అక్కర్లేదు.

దీనిమీద జీఎస్టీ 5 శాతం పడుతుంది, సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. 279కి 13 రూపాయల 95 పైసలు. 2017 నవంబరు 15కు ముందు ఏసీ రెస్టారెంట్లకు ఇది 18 శాతం ఉండేది. తగ్గించినప్పుడు ఇంకో మెలిక పెట్టారు: చీజ్ మీద, పెట్టెల మీద, షాపు అద్దె మీద తాము కట్టిన పన్నును రెస్టారెంట్లు ఇక తగ్గించుకోకూడదు. ఆ పన్ను ఎక్కడికి పోతుంది? బర్గర్ ధరలోకే పోతుంది. అందుకే పన్ను 18 నుంచి 5కు దిగినా మన బిల్లు అంత దిగలేదు. యాప్‌లో తెప్పించుకుంటే 2022 జనవరి 1 నుంచి ఈ 5 శాతాన్ని ప్రభుత్వానికి కట్టే బాధ్యత యాప్‌దే. అయితే యాప్ కమిషన్ కూడా కలుపుకుని అక్కడ ధరే ఎక్కువ పెట్టడం మామూలు. పైగా పెట్టెలో మూసిన వేడి బిళ్ల దాని ఆవిరికే మెత్తబడుతుంది. కొత్తదాన్ని మొదటిసారి తినేటప్పుడు ఇంటికి తెప్పించుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

మెనూ బోర్డు మీద ధర కంటే చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. పది లేదా అంతకంటే ఎక్కువ చోట్ల ఔట్‌లెట్లున్న చెయిన్లు ప్రతి ఐటెం పక్కనా క్యాలరీలు రాయాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, పెట్టిన నియమం, 2022 జులై నుంచి అమల్లో ఉంది. చురుగ్గా ఉండే సగటు పెద్దవాళ్లకు రోజుకు 2,000 కిలోక్యాలరీలు కావాలన్న వాక్యం కూడా అక్కడే ఉండాలి. గోధుమ, పాలు, సోయా వంటివి పడనివాళ్ల కోసం ఏ ఐటెంలో ఏముందో కూడా చెప్పాలి. బర్గర్ పక్కన ఉన్న అంకెనూ, కాంబో పక్కన ఉన్న అంకెనూ ఒకసారి పోల్చి చూడండి, ఆ తేడానే చాలా చెబుతుంది. ఉప్పు ఎంతో బోర్డు మీద ఉండకపోవచ్చు, అడిగితేనో కంపెనీ వెబ్‌సైట్‌లోనో దొరుకుతుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. సాస్, చీజ్, బిళ్ల, బన్ను నాలుగింటిలోనూ ఉప్పే. బీపీ ఉన్నవాళ్లు చూసుకోవాల్సిన అంకె క్యాలరీల కంటే ఇదే.

నూనె గురించి మాత్రం చెయిన్లను కాస్త మెచ్చుకోవాలి. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో ఏర్పడే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి నియమం. రోజుకు 50 లీటర్లకు పైగా నూనె వాడేవాళ్లు లెక్క రాసి పెట్టుకోవాలి. చెయిన్లలో దీన్ని కొలిచి నూనె మార్చే ఏర్పాటు ఉంటుంది. మన బజ్జీల బండి మూకుడులో నల్లటి నూనెకు కొలత ఎవరు పెడతారు? పరిమితి బండికీ వర్తిస్తుంది గానీ, చూసే నాథుడు లేడు. నేను బజ్జీల మనిషినే, అయినా ఈ మాట ఒప్పుకోక తప్పదు.

తిన్నాక బిల్లు కింద ఒక క్యూఆర్ కోడ్ ఉంది, ఎలా ఉందో చెప్పమని. మా వాడు కారం చాల్లేదని రాసి, రెండు స్టార్లు ఇచ్చి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఐటెం బతుకు తేలేది ఆ స్టార్లతో కాదు. కంపెనీ ముందు చూసేది తిన్నవాడు మళ్లీ అదే కొన్నాడా అని. ఆ తర్వాత ఇంకో లెక్క ఉంటుంది: కొత్త బర్గర్ రోజుకు వంద అమ్ముడైతే, అదే సమయంలో పాత బర్గర్ అమ్మకం ఎంత తగ్గింది? ఎనభై తగ్గితే కొత్తది తెచ్చిన అసలు లాభం ఇరవై బర్గర్లదే. పాతదాని కంటే కొత్తదాంట్లో మిగులు తక్కువైతే అదీ ఉండదు. అలాంటప్పుడు నిండుగా అమ్ముడైన ఐటెంను కూడా, సాస్ అయిపోగానే, మారుమాట లేకుండా బోర్డు మీంచి తీసేస్తారు. పోయిన నెల తిన్నది బాగుందని మళ్లీ వెళితే "అది రావట్లేదు సార్" అని కౌంటర్‌లో చెప్పేది ఇందుకే.